కెప్టెన్ మార్టెల్ ఎముకలు

వైద్యగ్రంథములలో పక్కపక్కనే అచ్చువేయు రెండు ఛాయాచిత్రములు కలవు. మొదటిదానిలో నౌకాధికారి దుస్తులు ధరించి, ఆరడుగులు దాటిన యెత్తుతో, విశాలమైన భుజములతో నిటారుగా నిలిచిన యువకుడు కనిపించును. రెండవదానిలో మెడ భుజములలోనికి క్రుంగి, వెన్ను గూనివోయి, రొమ్ముటెముక ముందునకు పొడుచుకొనివచ్చిన ఒక మనుష్యుడుండును. అతడే ఇతడని క్రింద వ్రాసిన పేరు చదివిన గాని నమ్మబుద్ధి కాదు. అమెరికా వాణిజ్యనౌకలలో కెప్టెనుగా పనిచేసిన చార్లెస్ మార్టెల్, మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన నాటినుండి దశాబ్దము తిరుగకుండగనే ఏడంగుళముల యెత్తు కోల్పోయెను. చిన్న దెబ్బకే ఎముక విరిగెడిది. విరిగినది వంకరగా అతుకుకొనెడిది. మూత్రములో ఇసుకవంటి తెల్లని మడ్డి పడెడిది. ఓడ నడిపిన మనిషికి నాలుగడుగులు నడచుటయే గగనమైపోయెను.

ఇంతటి వినాశమునకు మూలము ఎక్కడనున్నదో ఊహించుట ఆనాటి వైద్యులకు సులభము కాలేదు. మెడ ముందుభాగమున శ్వాసనాళమును అంటుకొనియుండు అవటు గ్రంథి, అనగా ఇప్పుడు ఇంటింటను వినిపించు థైరాయిడ్, అందరును ఎరిగినదే. దాని వెనుకవైపున, ఇరుప్రక్కల రెండేసి చొప్పున, సామాన్యముగా నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులుండును. ఒక్కొక్కటి కందిబద్దంత, తూచినచో గ్రాములో ముప్పదవ వంతుకు అటునిటు. పేరునుబట్టి ఇవి థైరాయిడ్‌కు చుట్టములని తోచును గాని, పొరుగువారగుటయే తప్ప పనిలో వానికిని దీనికిని సంబంధమే లేదు. పెరిగిన మనుష్యుని దేహములో ఇంచుమించు కిలోగ్రాము కాల్షియము ఉండగా, నూటికి తొంబదితొమ్మిది పాళ్ళు ఎముకలలోను దంతములలోను బిగిసియుండును. మిగిలిన ఆ కొంచెమే రక్తములోను కణములలోను సంచరించుచు, నరములను అదుపులో నుంచి, కండరములను ఆడించి, గుండె కొట్టుకొనుటకు తోడ్పడును. రక్తములో దాని పాలు 100 మిల్లీలీటర్లకు సుమారు 8.5 మొదలు 10.5 మిల్లీగ్రాముల వరకు ఉండవలెను. ఆ గీత దాటకుండ కనిపెట్టియుండుటయే పారాథైరాయిడ్ల పని. రక్తములో కాల్షియము తగ్గిన మరుక్షణమే ఇవి తమ హార్మోనును విడుచును. అది ఎముకనుండి కాల్షియమును వెలికిలాగును, మూత్రములో పోకుండ మూత్రపిండముల ద్వారా నిలుపును, డి విటమినును క్రియాశీలము గావించి ప్రేగులు ఆహారమునుండి కాల్షియమును ఎక్కువగా గ్రహించునట్లు చేయును. కావలసినంత చేరగానే ఆగిపోవుట ఆరోగ్యము. ఆగకపోవుటయే మార్టెల్ రోగము.

ఈ గ్రంథులను ప్రప్రథమమున కనుగొన్నది మనుష్యదేహములో కాదు. లండను జంతుప్రదర్శనశాలవారు 1834లో వెయ్యి గినీలు పోసి కొన్న భారతీయ ఖడ్గమృగము ఒకటి 1849లో మరణించగా, ఆ మహాకాయమును కోసి పరీక్షించు పని రిచర్డ్ ఓవెన్ అను శరీరశాస్త్రవేత్తకు లభించెను. థైరాయిడ్‌నుండి సిరలు వెలువడుచోట పసుపువన్నెగల చిన్న గట్టి గ్రంథి యొకటి ఆయన కంటబడినది. 1850లో చదివిన పత్రములో దానిని ఒక మాటతో పేర్కొని ముందునకు సాగిపోయెను. మన అడవులలో పుట్టి లండను చలిలో చచ్చిన ఆ మృగమునకు ఎవరును కృతజ్ఞత చెప్పినట్లు లేదు. మనుష్యులలో వీనిని వెదకి, వర్ణించి, పేరు పెట్టినవాడు స్వీడనులోని ఉప్సలా విశ్వవిద్యాలయమున వైద్యవిద్యార్థిగానున్న ఈవార్ సాండ్‌స్ట్రోమ్. 1877లో ఒక కుక్క మెడలో మొదట చూచి, పిమ్మట పిల్లి, కుందేలు, ఎద్దు, గుఱ్ఱములలోను, యాబది మానవదేహములలోను వెదకి 1880లో తన వ్యాసమును స్వదేశపు వైద్యపత్రికలో వెలువరించెను. స్వీడిష్ భాషలో వెలువడిన ఆ వ్యాసమును ఐరోపా పండితులు పట్టించుకొనలేదు. తొమ్మిదేండ్లకు, ముప్పదియేడవ యేట, అతడు ఆత్మహత్య చేసికొనెను. తాను కనుగొన్న గ్రంథులు ఏమి చేయునో అతనికి తెలియనే లేదు.

అవి ఏమి చేయునో శస్త్రవైద్యుల చేతిపొరపాట్లు నేర్పినవి. ఆ రోజులలో గళగండమునకు థైరాయిడ్‌ను కోసివేయు పద్ధతి విరివిగా వ్యాపించుచుండగా, బెర్న్ నగరములో కోహెర్, వియన్నాలో బిల్‌రోత్ ఆ విద్యలో ఆరితేరినవారనిపించుకొనిరి. చిత్రమేమనగా, కోహెర్ రోగులు క్రమముగా మందకొడిగా మారి, మొగము ఉబ్బి, బుద్ధి మాంద్యము పొందిరి. బిల్‌రోత్ రోగులలో కొందరికి మాత్రము చేతులు కొంకర్లుపోయి, ఒడలు బిగుసుకొని, మూర్ఛలు వచ్చినవి. ఇద్దరి చేతివాటములోని భేదమే ఇందుకు కారణమని పిమ్మట అమెరికా శస్త్రవైద్యుడు హాల్‌స్టెడ్ వ్రాసెను. నెత్తురు చిందకుండ నిదానముగా కోయు కోహెర్ థైరాయిడ్‌ను పూర్తిగా తీసివేసెను గాని దాని వెలుపలనున్న వానిని చెదరనీయలేదు. వేగముగా కోయు బిల్‌రోత్ థైరాయిడ్ ముక్కలు కొన్ని విడిచిపెట్టి, పారాథైరాయిడ్లను మాత్రము పోగొట్టెను. 1891లో ఫ్రాన్సులో గ్లే చేసిన జంతుపరిశోధనలు ఈ చిన్న గ్రంథులవైపు దృష్టి మరల్చినవి. 1909లో మెకాలమ్, ఫోగ్ట్‌లిన్ అనువారు పారాథైరాయిడ్లు తీసివేసిన కుక్కలకు కాల్షియము ఎక్కించగా, కొట్టుకొనుచున్న అవయవములు నెమ్మదించినవి.

ఈ కొంకర్లను పరీక్షించు పద్ధతి ఇప్పటికిని ఆసుపత్రులలో ఉన్నది, చూచినవారు మరువలేరు. రక్తపోటు కొలుచు పట్టీని జబ్బకు చుట్టి, నాడి అందనంత గట్టిగా గాలి నింపి, మూడు నిమిషములు ఉంచుదురు. రక్తములో కాల్షియము తక్కువగానున్నవారికి ఆ లోపలనే మణికట్టు వంగి, వ్రేళ్ళు తిన్నగా బిగిసి ఒకదానికొకటి అంటుకొని, బొటనవ్రేలు అరచేతిలోనికి ముడుచుకొనిపోవును. రోగి వద్దనుకొన్నను చేయి అతని మాట వినదు. గాలి వదలగానే మెల్లగా విడిపోవును.

గ్రంథులు లేకపోయిన కలుగు ఆపద ఇట్లు తేటపడినది. గ్రంథులు మితిమీరిన కలుగు ఆపద తేటపడుటకు మరి పదునైదేండ్లకుపైగా పట్టినది. ఆ ఆలస్యమునకు కారణము అజ్ఞానము కాదు, ఒక తెలివైన సిద్ధాంతము! వియన్నాలో శవపరీక్షలు చేయుచుండిన యాకబ్ ఎర్డ్‌హైమ్, ఎముకలు మెత్తబడి చనిపోయినవారి మెడలలో పారాథైరాయిడ్లు ఉబ్బియుండుట గమనించెను. ఎలుకలలో ఈ గ్రంథులను కాల్చివేసినచో వాని దంతములలో కాల్షియము సరిగా చేరకపోవుటను అంతకుముందే ఆయన చూచియుండెను. ఆ రెంటిని కలిపి ఆయన చేసిన నిర్ణయము ఇది: ఎముకకు జబ్బు చేసినది గనుక, దానిని సరిచేయుటకై గ్రంథులు అదనముగా శ్రమించి పెరిగినవి, వాపు వ్యాధికి ఫలమే గాని మూలము కాదు. ఈ తర్కములో తప్పు పట్టుటకు ఏమియు లేదు. ఎర్డ్‌హైమ్ సామాన్యుడు కాడు. ఆయన చూచిన రోగులలో పెక్కుమందియెడ ఆయన మాట నిజమే కూడ. కాని 1915లో ష్లాగెన్‌హౌఫర్ అను మరియొక వియన్నా పండితుడు ఒక సామాన్యమైన ప్రశ్న వేసెను. ఎముకల జబ్బే కారణమైనచో నాలుగు గ్రంథులును పెరుగవలెను గదా, కొందరిలో మూడు మామూలుగానుండి ఒక్కటే ఎందుకు పెరిగినది? అట్టిచోట ఆ ఒక్కదానిని తీసివేసి చూడరాదా? పదేండ్లపాటు ఎవరును తీసి చూడలేదు.

తీసి చూచినవాడు ఫెలిక్స్ మాండ్ల్ అను శస్త్రవైద్యుడు. అతని రోగి ఆల్బర్ట్ అను ట్రాము కండక్టరు. తొడయెముక విరిగి, నొప్పులతో మంచము పట్టిన స్థితిలో వియన్నా ఆసుపత్రికి వచ్చెను. మాండ్ల్ మొదట ఎర్డ్‌హైమ్ చెప్పిన త్రోవనే నడచెను: గ్రంథులు శ్రమపడుచున్నవి గనుక వానికి సాయము చేయవలెనని పశువుల పారాథైరాయిడ్ సారమిచ్చెను, గుణము కనబడకపోగా, అప్పుడే చనిపోయిన ఒక మనుష్యుని గ్రంథిని తెచ్చి ఇతని దేహములో నాటెను. దీనివలనను మేలు కలుగలేదు. అంతట 1925 జూలైలో ఆయన తలక్రిందుగా ఆలోచించి, మెడ కోసి, ఒక పారాథైరాయిడ్‌కు పట్టిన కంతిని తీసివేసెను. కొలది దినములలోనే మూత్రములోని తెల్లని మడ్డి పోయెను, నొప్పులు తగ్గెను, కొన్ని నెలలకు కండక్టరు చేతికర్ర ఊతగా నడువసాగెను. కొన్నేండ్లకు వ్యాధి తిరిగివచ్చి అతడు మరణించినమాట నిజమే. ఐనను, నమ్మిన సిద్ధాంతము ప్రకారము రెండుసార్లు చికిత్స చేసి, రెండుసార్లును అది పనిచేయలేదని ఒప్పుకొని, సరిగా దానికి విరుద్ధమైన పని చేయగల వైద్యుడు ఏ కాలములోనైనను అరుదు. నా దృష్టిలో మాండ్ల్ గొప్పతనము కత్తిపట్టుటలో కన్న ఆ ఒప్పుకోలులోనే యున్నది.

మాండ్ల్ శస్త్రచికిత్స వార్త అట్లాంటిక్ దాటకముందే మార్టెల్ రోగమును న్యూయార్కులో యూజీన్ డుబాయ్ అను వైద్యుడు గుర్తించెను. ఆయన వచ్చిన దారి వేరు. కెనడాలో కాలిప్ 1925లో పారాథైరాయిడ్ సారమును తయారుచేసియుండెను. బోస్టనులో జోసెఫ్ ఆబ్ సీసపువిషము తలకెక్కిన రోగుల ఎముకలనుండి ఆ సీసమును వెలికి లాగుటకై దానిని ఉపయోగించుచు, సీసముతోపాటు కాల్షియమును ధారాళముగా కొట్టుకొనిపోవుచున్నదని చూచెను. సారము పుచ్చుకొన్నవారి రక్తమూత్రములు ఎట్లుండునో, ఏ సారమును పుచ్చుకొనని ఈ కెప్టెను రక్తమూత్రములు అట్లే యుండుట డుబాయ్‌కి తట్టినది. అనగా ఇతని దేహమే ఆ సారమును అదుపులేకుండ తయారుచేయుచున్నది. 1926లో మార్టెల్‌ను బోస్టనులోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రికి, పది పడకల నాలుగవ వార్డుకు పంపిరి. అచట రోగి తిన్న ప్రతి ముద్దను తూచి, విసర్జించిన ప్రతి చుక్కను దాచి, లోనికెంత పోయినది, వెలికెంత వచ్చినది అని రోజుల తరబడి లెక్కకట్టుదురు. లెక్క తేలినది: తినుచున్నదానికన్న ఎక్కువ కాల్షియమును అతడు పోగొట్టుకొనుచుండెను.

రోగము తెలిసినది; గ్రంథి మాత్రము చిక్కలేదు. 1926లో రెండుసార్లు మెడ కోసిరి. ఆరోగ్యముగానున్న గ్రంథి బయటపడినదే గాని కంతి కానరాలేదు. 1929లో న్యూయార్కులో మూడవసారి కోసిరి, కానరాలేదు. 1932లో మార్టెల్ తిరిగి బోస్టను చేరునప్పటికి అతని మూత్రపిండములు రాళ్ళతో శిథిలములై యుండెను. అక్కడ ఎడ్వర్డ్ చర్చిల్, యువకుడైన ఆలివర్ కోప్ అతని బాధ్యత స్వీకరించిరి. శవపరీక్షాగారమునకు పోయి ఈ గ్రంథులు ఏ రంగులోనుండునో, ఎక్కడెక్కడ దాగునో నేర్చుకొని రమ్మని చర్చిల్ కోప్‌ను ముందుగా పంపెను. మరల మూడుసార్లు మెడ తెరచిరి. మొత్తము ఆరు శస్త్రచికిత్సలు వ్యర్థమైనవి.

ఈ కథలో నన్ను అన్నిటికన్న ఎక్కువగా ఆకట్టుకొన్నది ఇకముందు జరిగినది. మంచము మీదనుండి లేచుటకే కష్టపడు రోగి హార్వర్డు వైద్యగ్రంథాలయములోని పుస్తకములు చదివి, మెడ శరీరనిర్మాణమును తానే అభ్యసించి, కంతి మెడలో లేదు, రొమ్ములో ఉండవలెను, అక్కడ వెదకుడని వైద్యులతో పట్టుబట్టెను. ఈ మాటకు ఆధారము లేకపోలేదు. తల్లిగర్భములో పిండమునకు కంఠభాగము ఏర్పడునపుడు క్రింది జత పారాథైరాయిడ్లు థైమస్ గ్రంథితో కలిసి ఒకే మడతనుండి పుట్టును. థైమస్ రొమ్ములోనికి దిగుచు వీనిని వెంట తెచ్చును. త్రోవలో, థైరాయిడ్ దగ్గర ఇవి విడిపడి నిలిచిపోవలెను. విడిపడని గ్రంథి గుండెపైభాగము వరకు పోయి, జీవితాంతము అక్కడనే కాపురముండును. 1932 నవంబరులో, ఏడవసారి, రొమ్ముటెముకను చీల్చి చూడగా మూడు సెంటిమీటర్ల కంతి అక్కడనే కనబడినది.

అది దొరికినంతమాత్రమున మార్టెల్ బ్రతుకలేదు. ఇంతకాలము దోపిడికి గురియైన ఎముకలు, హార్మోను తగ్గగానే రక్తములోని కాల్షియమును ఆవురావురుమని లోనికి పీల్చుకొనును; దీనిని వైద్యులు నేటికిని ఆకలిగొన్న ఎముకల స్థితి అనియే పిలుతురు. ఇది జరుగునని ఎదురుచూచియే శస్త్రవైద్యులు కంతిలో కొంతభాగమును రక్తనాళముతో సహా నిలిపియుంచిరి. అయినను కొలదిదినములకే చేతులు కొంకర్లుపోయినవి. ఆరువారముల పిమ్మట, మూత్రనాళములో ఇరుక్కొన్న రాతికై చేసిన చికిత్సను తట్టుకొనలేక అతడు కన్నుమూసెను. ఆ వార్డులో అతనివలన నేర్చిన పాఠముతో ఫుల్లర్ ఆల్‌బ్రైట్ అను వైద్యుడు, ఎముకలు చక్కగానుండి మూత్రపిండములలో మాత్రము రాళ్ళు పుట్టువారిలోను ఈ వ్యాధి ఉండునని నిరూపించెను. ఎముకల జబ్బుగా మొదలైనది రాళ్ళ జబ్బుగా తేలినది. పిమ్మట కడుపునొప్పి, మలబద్ధకము, నిస్సత్తువ, మనోవ్యాకులత కూడ దాని లక్షణములలో చేరినవి. 1963లో బెర్సన్, రోజలిన్ యాలో అను శాస్త్రజ్ఞులు రక్తములో ఈ హార్మోనునే కొలుచు పద్ధతి చూపిరి. ఇట్టి కొలతల పద్ధతికే 1977లో యాలోకు నోబెల్ బహుమానము లభించెను. 1970ల నుండి పాశ్చాత్యదేశములలో మామూలు రక్తపరీక్షలలోనే కాల్షియమును యంత్రము కొలుచుట అలవాటగుటచే, అక్కడ ఈ రోగులు ఏ బాధయు లేనపుడే బయటపడుచున్నారు. మన దేశములో ఇప్పటికిని పెక్కుమంది ఎముక విరిగిన పిమ్మటనో, రాయి పుట్టిన పిమ్మటనో వైద్యుని ఎదుటికి వచ్చుచున్నారు. ఎండ విరివిగానున్న నేలమీద డి విటమిను లోపము ఇంత వ్యాపించియుండుట ఎముకల అవస్థను మరింత దిగజార్చుచున్నది.

ఇక ఎర్డ్‌హైమ్ మాట. మార్టెల్ విషయములో తప్పిన ఆయన సిద్ధాంతము మన నేలమీద నిజమైనది. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి, ఫ్లోరైడు నీరు త్రాగు ప్రాంతములలోని బాలురు, యువకులలో మోకాళ్ళు ఒకదానికొకటి ఒరసికొనునట్లు కాళ్ళు వంకరపోవుటను లాన్సెట్ పత్రికలో వర్ణించిరి. తరువాతి పరీక్షలలో అట్టివారి రక్తమున పారాథైరాయిడ్ హార్మోను అధికముగానుండుట తెలిసినది. నల్లగొండ పేరు చెప్పగానే కన్నులయెదుట మెదలు ఆ వంకర కాళ్ళ వెనుక గ్రంథి నేరస్థురాలు కాదు. ఎముకలలోనికి కాల్షియము అస్తవ్యస్తముగా పోవుచుండగా రక్తపు గీతను నిలుపుటకై అది పెనుగులాడుచున్నది. మూత్రపిండవ్యాధికి పేరుపడిన ఉద్దానములోనైనను మరెక్కడనైనను, మూత్రపిండములు చెడి డయాలిసిస్ మీదనున్నవారి మెడలో జరుగునదియు ఇంచుమించు ఇదియే: మూత్రపిండము ఫాస్ఫేటును బయటికి పంపలేదు, డి విటమినును సిద్ధము చేయలేదు, రక్తములో కాల్షియము జారును, నాలుగు గ్రంథులును పెరుగును. అందువలననే నేటి వైద్యుడు హార్మోను ఎక్కువైనదని చీటీ చూడగానే కత్తి మాట ఎత్తడు. ప్రక్కనే కాల్షియము ఎంతయున్నదని చూచును. రెండును ఎక్కువైనచో సామాన్యముగా గ్రంథిదే తప్పు. హార్మోను ఎక్కువై కాల్షియము తక్కువగానో మామూలుగానో ఉన్నచో చాలమట్టుకు తప్పు మరెక్కడనో ఉన్నది, దానిని సరిచేసినచో గ్రంథి తనంతట దిగివచ్చును.

చాలమట్టుకు దిగివచ్చును గాని, ఏండ్ల తరబడి శ్రమించిన గ్రంథులు కొందరిలో ఆజ్ఞను మరచిపోవును. కొత్త మూత్రపిండమును అమర్చి, మూలకారణమును తొలగించిన పిమ్మటకూడ అవి హార్మోనును కురిపించుచునే యుండును; ఫలముగా ఆరంభమైనది మూలముగా మారిపోవును. అప్పుడు నాలుగింటిని తీసివేసి, ఒకదానినుండి కోసిన చిన్న చిన్న తునకలను రోగి ముంజేతి కండరములో నాటు పద్ధతి 1970లలో అమెరికాలో స్థిరపడినది. మెడలోనుండవలసిన గ్రంథి చేతిలో చిగిర్చి పనిచేయును. అది సరిగా పనిచేయుచున్నదా లేదా తెలిసికొనుటకు రెండు చేతులనుండియు రక్తము తీసి పోల్చుదురు. నాటిన చేతిలో హార్మోను హెచ్చుగానుండవలెను. మరల మితిమీరినచో, మెడ జోలికి పోకుండ, ఆ చోటు మాత్రము తిమ్మిరెక్కించి ఒకటి రెండు తునకలు తీసివేసిన సరిపోవును.